ఇంటింటి ముద్ద

అమ్మడూ,

మీ అమ్మ దీవించి రాస్తన్నాది. ఇక్కడ నేను, మీ అయ్య బాగున్నాం. నువ్వు బాగున్నావని నీ సేతి రాతలో సూసాకే మా పేణాలు కుదుటపడ్డాయి. నీ ఉత్తరం కూడబలుక్కుని నాలుగుసార్లు సదివాను. నువ్వు నేర్పిన అచ్చరాలే గదా, ఇందులో తప్పులుంటే నీదే పూచీ.

నువ్వడిగినవి సెప్తాను. మోకాలు నొప్పి తగ్గింది, మందు మానలేదు. మీ అయ్య వలలు కుడతన్నాడు గానీ సముద్రం మీదకి ఎల్లడు. అన్నయ్య ఫొటోకి అద్దం మార్పించాం. మన వెంకీ పోయి ఈ పున్నమికి మూడేళ్ళు.

నువ్వెక్కిన ఇమానం జారిన సంగతి లక్ష్మణమ్మ పెద్దమ్మ నాకెలా సెప్పిందన్నావు. ఆ రోజు చీపురుపల్లి సంతలో సేపలమ్ముతన్నాను. నా ఫోను సార్జింగు అయిపోయి సచ్చి ఊరుకుంది. నువ్వు లక్ష్మణమ్మ పెద్దమ్మ ఫోనుకి సేసావంట. ఎదురుగానే తన గంప. తక్కెడ వదిలేసి నా కాడికొచ్చింది. మూడేళ్ళ తరవాత మొదటి మాట ఇలాగన్నాది: "ఒసే బుల్లమ్మా, నీ కూతురు బతికున్నాది. ముందు అది ఇను. మిగతాది తరవాత సెప్తాను."

తరవాత సెప్పింది. నువ్వు ఆస్పత్రి డ్యూటీకి ఎల్తుంటే, ఆ కొండల ఊళ్ళో మీ సిన్న ఇమానం వానలో దిగతా సక్రం ఇరిగి గడ్డిలోకి జారిపోయిందని, పందొమ్మిది మందీ బయటపడ్డారని. నేను సేపల నీళ్ళలోనే కూలబడిపోయాను. నా గంప కూడా పెద్దమ్మే అమ్మిపెట్టింది, నాకంటే గడుసుగా. ఇమానం తోలిన బాబుకి కాలు ఇరిగిందని రాసావు. ఆ బాబుని కన్న కడుపు సల్లగుండాలి. వాడి పేరున గంగమ్మకి దీపం పెట్టాను.

ఇప్పుడొకటి సెప్పాలి. ఫోనులో నోరు రాలేదు. పెద్దమ్మ మాటాడతన్నాదా అని ప్రతి ఉత్తరంలో అడుగుతావు. ఆవిడే మాటాడదని రాసేదాన్ని. అది అబద్ధం. అన్నయ్య, పెద్దమ్మ కొడుకు ధర్మేంద్ర ఒకే పడవలో ఎల్లారు గదా. పడవ తిరగబడితే ధర్మేంద్ర ఒడ్డుకొచ్చాడు, నా కొడుకు రాలేదు. మన పేటలో సముద్రం నుంచి బతికొచ్చినోడికి ఇంటింటా ఒక ముద్ద పెడతాం, నీ పేణం మాది కూడా అని. వాడు పళ్ళెం పట్టుకుని అన్ని ఇళ్ళూ తిరిగి ఆఖరికి మన గుమ్మంలో నిలబడ్డాడు. నువ్వు ఏడ్సి ఏడ్సి లోపల నిద్రపోయావు. పొయ్యి మీద అన్నం ఉన్నాది. "నా కొడుకు ముద్ద నీకు పెట్టనురా" అని తలుపేసేసాను. తలుపు సందులోంచి సూసాను. ఆ పళ్ళెం అలాగే పట్టుకుని సానా సేపు నిలబడ్డాడు. బతకడమే వాడి తప్పన్నట్టు సేసాను.

నీ కబురొచ్చిన సాయంత్రం పెద్దమ్మ నీ పేరున పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. మొదటి ముద్ద వాళ్ళింటిదే. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నువ్వు దూరంగా ఉన్నావని నేనే తిన్నాను. ఒక్క మెతుకు వదల్లేదు.

మర్నాడు కోనాం సేప పులుసు పెట్టి ధర్మేంద్రని పిలిసాను. పళ్ళెం తెచ్చుకోలేదని గుమ్మంలోనే ఆగిపోయాడు. వెంకీ పళ్ళెంలో పెట్టాను. మొదటి ముద్ద నా సేత్తోనే. తింటా తింటా, "మూడేళ్ళు ఊరబెట్టావు గదా పిన్నీ, అందుకే పులుసు ఇంత బాగున్నాది" అన్నాడు. మీ అయ్య నవ్వాడు. ఆ నవ్వు ఇని ఎన్నాళ్ళయిందో.

పక్క సీటోళ్ళకి దెబ్బలు తగిలి నాకేటీ కాలేదమ్మా, అన్నం సయించట్లేదు అని రాసావు. బతకడం తప్పు కాదే. ఆ మాట ధర్మేంద్రకి సెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టింది. నీకు ఇయ్యాలే సెప్తన్నాను. నీ పేరున పేటంతా పెట్టింది నేను తినేసాను. నీ పళ్ళెంలోది నువ్వే తినాలి. వేళకి కడుపునిండా తిను, అమ్మడూ.

ఇట్లు,
నిన్ను మళ్ళీ దక్కించుకున్న మీ అమ్మ,
బుల్లమ్మ