ఏడో పేజీ చుక్కలు

లాకీ, డండీ
11 ఏప్రిల్ 1996

బెల్లక్కా,

యాభై రెండేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఈ కాగితం పొయ్యిలో పడేయకు. పడేసేదైనా చదివి పడెయ్యి.

లైబ్రరీ బ్రాంచీలన్నీ తిరిగే పెద్దచ్చు నవలల్లో ఏడో పేజీ అంకె కింద పెన్సిల్ గీత పెట్టేది నేనే. ఈ ఊరి ముసలమ్మలందరికీ తలా ఒక గుర్తుంది కదా! లేకపోతే ఏది చదివామో ఎలా తెలుస్తుంది? యుద్ధం నవలలన్నిటికీ అట్ట ఒకటే. వీపు చూపిస్తూ నిలబడ్డ అమ్మాయి, చేతిలో పెట్టె, పైన విమానాలు. ఆ పిల్లలెవరికీ మొహాలుండవు కాబోలు. నీ గుర్తు చుక్క, చదవదగ్గదైతే రెండు. జనపనార మిల్లులో నీ కత్తెర పిడి మీద పెట్టుకున్నట్టే, కాగితం చిల్లు పడేంత గట్టిగా. అది కనిపించిన రోజు మా అక్క బాగానే ఉందనుకుంటాను. ఈమధ్య చుక్కలు తేలిపోతున్నాయి. చెయ్యి నొప్పా?

ఈ నవలలన్నీ ఎందుకు చదువుతానంటే, వాటిల్లో నాలాంటిది దొరుకుతుందేమోనని. గూఢచారులున్నారు, నర్సులున్నారు, అటకమీద పిల్లల్ని దాచినవాళ్ళున్నారు. టెలిగ్రాం దాచినది మాత్రం లేదు.

ఆ ఫిబ్రవరిలో నాకు పందొమ్మిదేళ్ళు. పోస్టాఫీసు సైకిల్ మీద నీ పేరున్న టెలిగ్రాం తెస్తూ దారిలోనే విప్పి చదివేశాను. డూగల్ బావ విమానం జర్మనీలో కూలిపోయింది. నీకేమో నెలలు నిండాయి. రక్తపోటుంది, జాగ్రత్త అని డాక్టరు ముందురోజే చెప్పి వెళ్ళాడు. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని బావకి మేజోళ్ళు అల్లుతున్నావు. "ఏమే, మొహం అలా పెట్టావ్? సైకిల్ మీంచి పడ్డావా?" అని నవ్వావు. "ఆఁ, పడ్డాను" అన్నాను.

పదకొండు రోజులు అది నా కోటు లోపలి జేబులోనే ఉంది. రోనా పుట్టాక ఇచ్చాను. నువ్వు తేదీ చూశావు. "చచ్చినవాడికి నా చేత ఉత్తరాలు రాయించావా? నా గుమ్మం తొక్కకు" అన్నావు. నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ పోస్టు చేసింది నేనే.

మొన్న ఒక నవలలో దొరికిందక్కా. బెల్జియం పల్లెటూళ్ళో పోస్టమ్మ, వదినకొచ్చిన టెలిగ్రాం దాస్తుంది. చివరికి వదిన ఆమెను ఒక్క పేరాలో క్షమించేస్తుంది. నాకు ఒళ్ళు మండింది. అంత తేలికా? అయినా ఆ పేరా నాలుగుసార్లు చదివి ఏడ్చాను. ఏడో పేజీలో నీ చుక్క లేదు, అందుకే రాస్తున్నాను.

దాచినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. మళ్ళీ ఆ ఫిబ్రవరి వస్తే మళ్ళీ దాస్తాను. ఆ ఉత్తరాలు పోస్టు చేసినందుకే సిగ్గుతో చస్తున్నాను. జనవరిలో నాకు గుండె ఆపరేషన్ అయింది. ఒక్కసారి రా అక్కా, తిట్టడానికైనా.

నీ ఎఫీ


బ్రాటీ ఫెర్రీ, డండీ
13 ఏప్రిల్ 1996

ఎఫీ పిన్నీ,

అమ్మ పేరున వచ్చిన మీ ఉత్తరం నేను విప్పాను. కూర్చుని చదవండి. అమ్మ జనవరి ఇరవై ఆరున పోయింది.

ఆ వారమే మీకు ఆపరేషన్ అయిందని లైబ్రరీ ఆవిడ చెప్తే, మీతో చెప్పాలని ఆస్పత్రికి వచ్చాను. మీరు మంచం మీద నవల తెరిచి, కథ మొదలుపెట్టకుండా ముందు ఏడో పేజీ చూశారు. అమ్మ చుక్క కనిపించి నవ్వారు. ఇప్పుడు ఆ గుండె అదరకూడదంది నర్సు. నేను తలుపు దగ్గర్నుంచే తిరిగొచ్చేశాను.

ఆ తర్వాతి చుక్కలన్నీ నావి. అమ్మలా గట్టిగా నొక్కడం నాకు చేతకాలేదు. అమ్మ పోయి నిన్నటికి పదకొండు వారాలు. ఎవరి కోసం మీరు ఆ టెలిగ్రాం దాచారో ఆ పిల్లే మీ దగ్గర ఈ మాట దాచింది.

ఆ బెల్జియం నవల అమ్మ నవంబరులోనే చదివింది. మా లైబ్రరీ బ్రాంచిలో ఉన్న ఇంకో కాపీలో రెండు చుక్కలున్నాయి. చదువుతూ చదువుతూ కళ్ళద్దాలు తీసేసి, "ఎఫీ పదకొండు రోజులు నా మొగుణ్ణి బతికించి పెట్టిందే. ఈ మాట దానికి నేనే చెప్పాలి, నువ్వు మధ్యలో దూరకు" అంది.

"అయితే వెళ్ళి చెప్పు, బస్సులో అరగంటేగా" అన్నాను.

"ఈ చలి తగ్గనీ" అంది.

తిరిగొచ్చిన ఆ మూడు ఉత్తరాలూ అమ్మ పెట్టెలో దొరికాయి. మొదటిదాంట్లో నాన్నకి ఇలా రాసింది: "ఎఫీ ఇవాళ సైకిల్ మీంచి పడిందట. పాపం, మొహమంతా వాడిపోయింది. దెబ్బ ఎక్కడో చెప్పదు." అవి మీ దగ్గరే ఉండాలి, తీసుకొస్తాను.

నా మీద మీకు కోపం వస్తుందని తెలుసు. అమ్మకి తగ్గడానికి యాభై రెండేళ్ళు పట్టింది. మనకంత టైము లేదు పిన్నీ, త్వరగా తిట్టేయండి. గురువారం వస్తాను. ఆ రోజు చలిగానే ఉంటుందట. అయినా వస్తాను.

మీ రోనా