పిచ్చుక పక్కన నా చోటు

అమ్మాయీ,

మా అక్కకు జ్వరమట, వెళుతున్నాను. రేపు సాయంత్రానికి వస్తాను. వంటలో పసుపు వేయలేదు. ఈ మందు పరీక్ష అయ్యేదాకా వద్దని ఆసుపత్రివాళ్ళు అన్నారుగా, నువ్వూ మరిచిపోయి వేయకు. పిచ్చుక బడి నుంచి రాగానే వాళ్ళిచ్చిన పొడి పెరుగులో కలిపి పెట్టు. గిన్నె ఖాళీ చేసేదాకా కదలకు.

ఆసుపత్రికి ప్రతిసారీ దాన్ని నువ్వే తీసుకెళతావు, చదువొచ్చినదానివని. నర్సు కూడా నీతోనే మాట్లాడుతుంది. ఈ వయసులో నేను గుణింతాలు దిద్దింది ఎందుకనుకున్నావు? ఒక్కసారైనా నువ్వు బయట బల్ల మీద కూర్చుని, నేను దానితో లోపలికి వెళ్ళాలని.

మొన్న పడుకోబోతూ అది ఒక మాట చెప్పింది. నీకు కాదు, నాకు. ఎవరికి ఏదో చెప్పకుండా సగం మంది పిల్లలకు పసుపులోంచి తీసిన అసలు మందు, మిగతా సగానికి ఉత్తి పొడి ఇస్తారట కదా. "నాది ఉత్తిదే నానమ్మా. నా కిడ్నీలు కూడా తాతవాటిలాగే పాడైపోతాయి. ఇంక తినను," అంది.

నాకే చెప్పిందని రెండు రోజులు లోలోపల మురిసిపోయాను. కానీ తాతకు ఏమైందో చూసినదాన్ని, నేను చెప్పే ధైర్యం అది నమ్మదు. నువ్వు చెబితే నమ్ముతుంది. అదీ నా కడుపుమంట.

అత్తయ్య

రాత్రికి దాని పక్కన నా చోటులో నువ్వు పడుకో. ఈ ఒక్క రాత్రే. రేపు నా చోటు నాకు కావాలి.