పేర్లున్న ఏడు బుట్టలు

బంటామా, కుమాసి
జూన్ 3

టాకొరాడిలో మోకాలు బాగుచేయించుకుంటున్న అంపోమా అత్తయ్యకు మేనకోడలు దూఫియె వంగి చెప్పే నమస్కారాలు.

మోకాలెలా ఉంది? చిన్నత్త కాపడం పెడుతోందా? నా కుట్టుమిషన్ ఈ నెలలోనే వచ్చేస్తోంది. "నా కుట్టుగదిలో నేల కనిపించిన రోజున సగం గది నీది, దుకాణం పెట్టుకో" అని నువ్వు బస్సెక్కుతూ అన్న మాట నేను మరిచిపోలేదు. ఆ సగం దొరక్కపోతే ఇంకో రెండేళ్ళు మా మేడమ్ దగ్గర కాజాలు కుడుతూ పడి ఉండాలి, అది నావల్ల కాదు.

నిన్న గది తలుపు నెట్టాను. లోపలి సామాను నన్ను బయటికి నెట్టింది. ముప్ఫై ఏళ్ళ గుడ్డముక్కలు, పాలడబ్బాల నిండా గుండీలు, పిడుల్లేని బొగ్గుల ఇస్త్రీపెట్టెలు మూడు. ఇవన్నీ ఎలాగో సర్దేస్తాను. కానీ అజోవా, అబెనా, అకువా, యా, అఫువా, ఆమా, అకోసువా అని పేర్లు కుట్టిన బుట్టలు ఏడున్నాయి. వాటినేం చెయ్యమంటావ్?

నీ ఆజ్ఞ కోసం చూస్తూ,
దూఫియె

తా.క. భుజాలకి పెట్టే దూదిమెత్తల పెట్టెలో ఒక కోడి పొదుగుతోంది. అది మన కోడి కాదు.


టాకొరాడి
జూన్ 7

అమ్మాయ్ దూఫియెకి అత్తయ్య ఆశీస్సులు.

మోకాలు ఉందంటే ఉంది. మీ చిన్నత్త కాపడం పెడితే కాలు ఉడికిపోయిందే గాని నొప్పి పోలేదు.

అన్న మాట మీదే ఉన్నాను. అయితే ఒక్క గుండీ పారేసినా ఊరుకోను. ఇక ఆ ఏడుగురి సంగతి. ఇన్నాళ్ళూ కలగాపులగం చేసి పెట్టింది నేనే, తప్పు నాదే. నువ్వైనా ఎవరి చోటికి వాళ్ళని చేర్చు.

ఉంటాను,
అంపోమా

తా.క. కోడిని కదపకు. గుడ్లు ఎన్నో లెక్కపెట్టి రాయి.


బంటామా
జూన్ 12

అత్తయ్యకు నమస్కారాలు.

చెప్పినట్టే ఎవరి చోటికి వాళ్ళని చేర్చేశాను. అజోవా బుట్ట ఎదురింటి అజోవాకి, ఆమా బుట్ట వేరుశనగలమ్మే ఆమాకి. శుక్రవారం పుట్టిన ప్రతి ఆడపిల్లా అఫువాయే, మన వీధిలో కరువేముంది, ముగ్గురు తేలారు. ఆ బుట్టని మూడు వాటాలు వేశాను. అకోసువా బుట్ట పాస్టర్‌గారి భార్యకి ఇచ్చాను, ఆవిడా ఆదివారం పుట్టిందేగా.

యా బుట్ట దగ్గరే నాకు చెమటలు పట్టాయి. నీకు తెలిసిన యా ఒక్కతే, యా అచియా. పదిహేనేళ్ళు నీతో ఆ గదిలోనే కుట్టి, పెళ్ళివాళ్ళ ముందు "నువ్వు కుట్టిన కాలరు వంకరపోయింది" అన్నందుకు పదకొండేళ్ళుగా నువ్వు మొహం చూడని ఆవిడ. అయినా నీ మాట కాదనలేక వెళ్ళాను. "కలగాపులగం చేసింది నేనే, తప్పు నాదే అని అత్తయ్య రాసింది" అని చెప్పి బుట్ట చేతికిచ్చాను. ఆవిడ బుట్టలోకి తొంగి చూసి, దాన్ని చంకలో పెట్టుకుంది. తర్వాత "ఎక్కడుంది ఇప్పుడు?" అని అడిగింది. చిన్నత్త ఇంటి గుర్తులు చెప్పాను.

నీ మాట జవదాటని,
దూఫియె

తా.క. నేల కనిపించింది. ఎర్రగా ఉంది. గుడ్లు తొమ్మిది.


టాకొరాడి
జూన్ 15

ఒసేయ్ దూఫియె,

ఆశీస్సులు తర్వాత చెప్తాను.

అవి మనుషుల పేర్లు కావే తల్లీ, వారాల పేర్లు. సోమవారం ముందేసుకునే పని అజోవా బుట్టలో, మంగళవారం పని అబెనా బుట్టలో. గురువారం పిల్లని యా అనక ఇంకేమంటాం? నాకెలాగూ పిల్లల్లేరు, బుట్టలకే పెట్టుకున్నాను ఆ పేర్లు. ఎవరి చోటికి వాళ్ళని అంటే ఎవరి మేకుకి వాళ్ళని తగిలించమని. ఊరంతా పంచిపెట్టమని కాదు.

మిగతా వాళ్ళ మాట అలా ఉంచు. యా అచియాకి నేను తప్పు ఒప్పుకోవడమా? పదకొండేళ్ళుగా చర్చిలో కూడా అటు మెడ తిప్పకుండా కూర్చుంటున్నాను, ఆ మెడనొప్పి నీకేం తెలుసు. అన్నీ వెనక్కి తీసుకురా. ఏడు బుట్టలూ మేకులెక్కేదాకా గది లేదు, సగమూ లేదు.

మండిపోతూ,
అంపోమా

తా.క. అకోసువా బుట్టలో నేను చర్చికి పెట్టుకెళ్ళే పళ్ళసెట్టు ఉంది. ముందు అది తే.


బంటామా
జూన్ 20

అత్తయ్యకు భయంతో నమస్కారాలు.

వెనక్కెలా అడగను? బుట్టలిచ్చిన మర్నాడు తెల్లారేసరికి అందరూ వాకిట్లో ఉన్నారు, థాంక్స్ చెప్పడానికి. ఖాళీ చేతుల్తో ఎవరొస్తారు? నీకు పాతగుడ్డలంటే ప్రాణమని అందరికీ తెలుసు. అజోవా మూడు గోతాల కర్టెన్లు తెచ్చింది. అకువా వాళ్ళాయన పోలీసు నిక్కర్లు పదకొండు తెచ్చింది, ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. ఆమా చక్రం లేని మిషన్ మోయించుకొచ్చింది. వాళ్ళు తెచ్చిన పెండలమే ఇంట్లో ఉడుకుతుంటే నా బుట్ట నాకిమ్మని ఏ నోటితో అడగను?

నేల మళ్ళీ కనిపించడం లేదు. నా మిషన్ నిన్ననే వచ్చేసింది, వరండాలో పరదా కింద వానకి తడుస్తోంది. నెలాఖరులోగా ఉంటావో పోతావో తేల్చుకోమంది మేడమ్. నాకు ఏడుపొస్తోంది అత్తయ్యా.

థాంక్స్ చెప్పడానికి రానిది యా అచియా ఒక్కతే. వాళ్ళింటికి తాళం వేసి ఉంది.

దిక్కుతోచని,
దూఫియె

తా.క. పళ్ళసెట్టు దొరికింది. ఎవరో పోయినవాళ్ళ గుర్తనుకుని పాస్టర్‌గారింట్లో దాని ముందు రెండు రోజులు ప్రార్థన చేశారట.


టాకొరాడి
జూన్ 27

అమ్మాయ్ దూఫియెకి ఆశీస్సులు, పోయినసారి బాకీ పడ్డవి కూడా కలిపి.

పోయిన శనివారం తలుపు తీస్తే యా. చంకలో బుట్ట. "ఆ కాలరు వంకరే" అంది. "నీ కన్ను వంకర" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పెండలం దంచి ఫూఫూ ముద్దలు తిన్నాం. అప్పట్నుంచీ తెగ పోట్లాడుకుంటున్నాం, మోకాలి సంగతే గుర్తు రావడం లేదు.

యా వాళ్ళింట్లో వెనక గది ఖాళీగా ఉందట. నేనూ నా సరంజామా అక్కడికి మారిపోతాం. సగం కాదు, కుట్టుగదంతా నీదే. ఈ రోజే మిషన్ లోపల పెట్టించు. మీ మేడమ్‌కి రేపే చెప్పెయ్.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఆ బుట్ట పొరపాటున వెళ్ళిందని యాకి చచ్చినా చెప్పకు. నేను తప్పు ఒప్పుకున్నాననుకుని పాపం ఎంత సంబరపడుతోందో. నేనూ కాదనలేదు. కాదనాలనిపించలేదు.

ప్రేమతో,
అత్తయ్య

తా.క. నేను యాని. ఉత్తరం కుమాసి బస్సు డ్రైవరుకిమ్మని నాకిచ్చి మీ అత్త నిద్రపోయింది, కవరు అంటించడం మరిచిపోయి. ఆ బుట్టలో ఉన్నవి నూట ఇరవై పాడైపోయిన జిప్పులు. తప్పు ఒప్పుకోవడానికి ఎవరూ జిప్పులు పంపరమ్మా. పదిహేనేళ్ళు ఎదురుగా కూర్చున్నదాన్ని, గురువారాలు ఆమె జిప్పులు మారుస్తుందని నాకు తెలియదా? చూడగానే తెలిసింది. అయినా బస్సెక్కాను. ఒక్కదాన్నీ కూర్చుని కుట్టుకోవడం ఇక నావల్ల కాలేదు. నాకు తెలుసని ఆమెకి చెప్పకు.