మణికట్టుకు కట్టిన ఫిల్ము

12 జనవరి 1958, తాండూరు

బొంబాయి నుంచి పార్సల్ వచ్చిందట. మా ఆయన మత్తయ్య, షర్టుకు చిన్న బిళ్ల తగిలించుకొని వచ్చిండు. చంద్రప్ప డాక్టరు దవాఖానల ఎక్స్‌రే మిషన్ నడిపేది ఈయనే. బిళ్లల ఫిల్ము ముక్క ఉంటదట. కంటికి కనపడని కిరణాలు ఎంత తాకితే గంత నల్లబడ్తదట. నెలకోసారి బొంబాయికి పంపితే లెక్క చెప్తరట. మిషన్ కాడ చేరిన పదేండ్లకు మన మీద ఎవరికో ఫికరైంది అని నవ్విండు.

నేను ఆయన కుడి చెయ్యి చూసిన. వేళ్ల మీద తోలు ఎండి పగిలింది. ఫిల్ములు కడిగే మందు పడక అంటడు.

2 మార్చి

రిపోర్టు వచ్చింది. శాన తక్కువ, భయం లేదట. పాయసం వండిన.

3 మార్చి

డాక్టరు గా కాయితం చూసి సంబురపడలేదట. ఈయన చెయ్యి పట్టుకొని శానసేపు చూసిండట. బిళ్ల ఛాతి మీద, కిరణాలు ఆపే సీసం ఆప్రాన్ కింద ఉంటది. చెయ్యి బయటనే. మనిషిని స్క్రీన్ ముందట నిలబెట్టేది, తిప్పేది ఆ చెయ్యే. పొద్దుగాల మిషన్ మంచిగున్నదా అని ముందు తన చెయ్యే పెట్టి చూసుకుంటడు. పెండ్లయిన కొత్తల నాకూ చూపెట్టిండు. చీకట్ల పచ్చటి వెలుగు, అండ్ల ఆయన వేళ్ల బొక్కలు. ముద్దుగ అనిపించింది. ఎన్ని పొద్దులు గట్ల పెట్టిండో ఇయ్యాల లెక్కపెట్టుకుంట కూసున్న.

ఇంకో బిళ్ల తెప్పిస్త, మణికట్టుకు కట్టుకో అన్నడట డాక్టరు.

20 ఏప్రిల్

కట్టుకున్నడు. బజార్ల దుకాణం జంగప్ప గడియారమనుకొని టైమెంతైంది అని అడిగిండట.

9 జూన్

బొంబాయోళ్లు రాసిన్రు. మణికట్టు ఫిల్ము మొత్తం నల్లగైందట, లెక్క కట్టరాదట. ఎండ తగిలిందేమో, కవరు చినిగిందేమో, మల్ల పంపుమన్నరు. ఎండనే అయ్యుంటది అన్నడు. నేను గూడ గదే అన్న. ఎండకాలమే గదా.

11 జూన్

చూపుడు వేలు మీద పుండు మానుతలేదు. చెయ్యి పెట్టకు అన్న. బండ గనుల నుంచి కూలోళ్లు దగ్గుకుంట వస్తరు, పట్టుకోకుంటె పడిపోతరు, ఎట్ల భాగమ్మా అన్నడు. డాక్టరు సీసం గ్లౌజులు తెప్పిచ్చిండట. మస్తు బరువు. వాటితోని మనిషిని పట్టుకోరాదట.

4 ఆగస్టు

రెండోది గూడ నల్లగనే. ఈసారి ఎండ లేదు, అంత వాననే. మిషన్ దగ్గరికి పోవద్దని రాసిన్రు.

డాక్టరు ఇంటికొచ్చిండు. కూసోమంటె కూసోలేదు. నేను ముందే చూడాల్సుండె మత్తయ్యా అన్నడు. మా ఆయనే నాతోని సార్‌కు ఛాయ్ పెట్టుమన్నడు.

17 సెప్టెంబర్, పట్నం

రైలెక్కి వికారాబాద్ మీదంగ పట్నం పెద్ద దవాఖానకు వచ్చినం.

పుండు కాన్సరట. రేపు రెండు వేళ్లు తీస్తరట. ఆ చేత్తోనే అన్నం కలుపుకొని మెల్లగ తిన్నడు. నేను అటు తిరిగి కూసున్న.

18 సెప్టెంబర్

రెండు వేళ్లన్నరు. మణికట్టు దాక తీసిన్రు. బొక్కకు ఎక్కిందట.

2 అక్టోబర్

లేని వేలు మండుతున్నదట. ఊదుమన్నడు. యాడ అంటె దుప్పటి మీద చూపెట్టిండు. ఊదిన. జర తక్కువైంది అన్నడు.