నాలుగో నంబరు కేకు

వరాబిన్
జనవరి 9

ప్రియమైన కోరల్,

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. కోపం తెచ్చుకోకు. పది నిమిషాలు మాట్లాడానంటే ఆ రోజుకి నా పని అయిపోయినట్టే, ఇక మంచం దిగలేను. ఉత్తరమైతే మూడు లైన్లు రాసి పడుకుని, లేచి మళ్లీ మూడు లైన్లు రాసుకోవచ్చు. ఇది మొదలుపెట్టి మూడు రోజులైంది. మధ్యలో ఒక రోజంతా కనబడకుండా పోయింది. చివరికి డెస్ దాన్ని ఫ్రిజ్‌లో వెన్న డబ్బా కింద పట్టుకున్నాడు. "ఏంటిది, మీ స్నేహం పాడైపోకుండా దాచావా?" అన్నాడు. నలభై నాలుగేళ్ల కాపురంలో నా మొగుడు వేసిన మంచి జోకు ఇదొక్కటే.

కోవిడ్ వచ్చి ఏడాదిన్నర దాటింది. అది వారంలో వెళ్లిపోయింది గానీ సామానంతా ఇక్కడే వదిలేసి పోయింది. స్టూలు మీద కూర్చుని స్నానం చేస్తున్నాను, అయినా బయటికి వచ్చేసరికి గుండె గుర్రప్పందెంలోలాగా పరుగెడుతుంది. ఊళ్లో ఎవరు తుమ్మినా ఆ జలుబు తిన్నగా మా ఇంటి గేటు తీసుకుని వచ్చేస్తుంది. ఒక్క డిసెంబరులోనే రెండుసార్లు పడకేశాను. డాక్టరేమో కాగితాలు తిరగేసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, వయసు కదా" అంటాడు. నాకు అరవై ఎనిమిది. మా అమ్మ ఈ వయసులో కట్టెలు కొట్టేది.

వాసన, రుచి సంగతి సరేసరి. వంట ఇప్పుడు డెస్‌దే. బుధవారం వస్తే కర్రీ సాసేజీలు తప్పవు. నాకు అవి వేడిగా ఉన్నాయా, మెత్తగా ఉన్నాయా అన్నంతవరకే తెలుస్తుంది.

అసలు సంగతి ఇది. ఈ మార్చిలో ఊరి షోలో వంటల పోటీకి నేను ఫ్రూట్ కేకు పెట్టడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి. పాపం నోరీన్, ఇరవై ఏళ్లుగా నా వెనక రెండో బహుమతి తీసుకుంటోంది, ఈసారి మొదటిది తెచ్చుకోనీ. రాయడానికి తేలికగానే ఉంది గానీ రాశాక ఏడ్చాను.

మీ సముద్రం వాసన ఎలా ఉంటుందో రాయి. నాకు గుర్తు రావడం లేదు.

ఇప్పుడే పడుకోబోతున్న
నీ గ్లెనిస్


పెలికన్ రేవు
జనవరి 17

నా బంగారు మొద్దు గ్లెనిస్‌కి,

ఉత్తరం చదివి తిట్టాలని కూర్చున్నాను, తిట్టే తీరుతాను.

ఏమే, స్పాంజ్ కేకు అంటే నేనూ వద్దనేదాన్ని. అది పరుగు పందెం. కానీ ఫ్రూట్ కేకు అలసిపోయినవాళ్ల కోసమే పుట్టిందే! ఎండు ద్రాక్ష ఈ రోజు కాసిని తరుగు, రేపు కాసిని తరుగు. అవి ఎక్కడికీ పారిపోవు. షెర్రీ వైనులో వేస్తే వారం రోజులు నీకంటే సుఖంగా పడుకుంటాయి. కేకు గిన్నెలో పరిచే కాగితం ఒక రోజు కత్తిరించు, పిండి ఇంకో రోజు జల్లించు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క రోజులో చేసినదాన్ని ఈసారి పది రోజుల్లో చెయ్యి. చేతులు నీవే అయితే చాలు, గడియారం గురించి రూల్ బుక్‌లో ఏమీ లేదు.

వాసన తెలియకపోతే ఏం కొంప మునిగింది? అందరికీ ఒకటే రెసిపీ, షో సొసైటీ వాళ్లు అచ్చేసి ఇచ్చిందే. చెంచాతో కొలిచి వెయ్యడానికి ముక్కెందుకు?

నేను బాగానే ఉన్నాను. మన డిసెంబరు ఎండల్లో పడి మూడు ఊళ్లకి వెళ్లి కేకులకి తీర్పు చెప్పి వచ్చాను. ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు పక్కన ఉన్నవాళ్లని రుచి చూసి చెప్పమంటాను. మనం పోయాక ఈ పని చెయ్యడానికి ఎవరైనా ఉండాలి కదా. మొన్న పుస్తకంలో పడి టోస్టు సంగతి మరిచిపోయాను. పక్కింటాయన పొగ చూసి తలుపు బాదేదాకా తెలియలేదు!

సముద్రం ఇవాళ సీసా ఆకుపచ్చ రంగులో ఉంది. పెలికన్లు కమిటీ మెంబర్లలా గట్టు మీద వరసగా కూర్చున్నాయి. అలలు రాత్రంతా ఎవరో గదిలో బల్లలు జరుపుతున్నట్టు చప్పుడు చేస్తాయి.

కేకు పెట్టకపోతే నీతో మాట్లాడను.

నీ మంచి కోరే రాక్షసి
కోరల్


వరాబిన్
ఫిబ్రవరి 16

ప్రియమైన రాక్షసికి,

అయిపోయింది! కాల్చేశాను! అల్మారాలో చుట్టి పెట్టాను!

మొదటినుంచీ చెప్పనీ. ఊరికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. నేను చెప్పిందంతా వింది. నువ్వు నమ్మవు, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. "ఇది మీ భ్రమ కాదు. కోవిడ్ తర్వాత చాలామందికి ఇలాగే ఉంటోంది. నా దగ్గర మందు బిళ్ల లేదు గానీ ఒక మాట ఉంది. అలసిపోయాక ఆగడం కాదు, అలసిపోకముందే ఆగండి" అంది. కారులోకి వచ్చి డెస్ భుజం మీద పడి ఏడ్చాను. జబ్బు తగ్గిందని కాదు, జబ్బు ఉందని ఒకరు ఒప్పుకున్నందుకు.

నీ సలహా, ఆమె సలహా కలిపి డెస్ ఒక గంట కొన్నాడు. కోడిగుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకుంటారే, ఆ గంట. ఐదు నిమిషాలకి మోగుతుంది. మోగగానే, చేతిలో కత్తి ఉన్నా సరే, "గ్లెనిస్, దించు!" అని వాకిట్లోంచి అరుస్తాడు, దొంగని పట్టుకున్న పోలీసులా. వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. ఆయన చెయ్యి పడితే అది నా కేకు కాదు.

ఒక్కో ద్రాక్షని మూడు ముక్కలు, ఒక్కో చెర్రీని ఆరు ముక్కలు. తరగడానికే ఆరు రోజులు పట్టింది. మధ్యలో జలుబు వచ్చి నాలుగు రోజులు పోయాయి. నువ్వన్నట్టే పళ్లు షెర్రీలో హాయిగా పడుకుని నాకోసం ఎదురు చూశాయి. కాగితం మూలలు మూడుసార్లు మడిచాను. పిండి, దాల్చిన చెక్క, జాజికాయ కలిసిన కేకు మసాలా కొలిచి, గిన్నె ఒళ్లో పెట్టుకుని కలిపాను. నిన్న బుధవారం మధ్యాహ్నం ఓవెన్‌లో పెట్టాను. కింద నా కేకు, పైన డెస్ సాసేజీలు. "నీ కేకు వాసన ఏమాత్రం రావడం లేదే, ఇల్లంతా కర్రీయే" అని ఆయన నొచ్చుకున్నాడు. పోనీలే, నాకు రెండూ ఒకటే కదా.

పైన పగులు లేదు, అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. లోపల ఎలా ఉందో ఆ దేవుడికే తెలియాలి. కోయకుండా పెట్టాలి కదా.

నోరీన్‌ని ఓడించాలని కాదే కోరల్. ఊళ్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు, చావు ఇంట్లో మాట్లాడినట్టు. షో బల్ల మీద కేకు ముందు నంబరే తప్ప పేరు ఉండదు. నంబరుకి జబ్బు ఉండదు, దాని మీద ఎవరూ జాలిపడరు. ఒక్కసారి నేను అలా నిలబడాలి. నాకు కావలసింది అంతే.

వెంటనే రాయి.

ఐదు నిమిషాల
గ్లెనిస్


వరాబిన్
మార్చి 17, శుక్రవారం

ప్రియమైన కోరల్,

నెల రోజులుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం ఎందుకు రాలేదో ఇవాళ తెలిసింది.

నాకు మొదటి బహుమతి వచ్చింది. నీలం రిబ్బన్. నాలుగో నంబరు. షో షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, రాణీగారిలా చూశాను. నోరీన్‌కి మళ్లీ రెండోదే, పాపం మూతి ముడుచుకుని, "కంగ్రాట్స్, నీకు అర్హత ఉందిలే" అని ముల్లు గుచ్చినట్టు చెప్పింది. అది విని ఎంత సంతోషమేసిందో! ఏడాదిన్నరలో నాతో కరుకుగా మాట్లాడిన మొదటి మనిషి.

అప్పుడు డెస్ కేకు ముందున్న జడ్జి కార్డు తిప్పి చదివాడు. "కోత చక్కగా ఉంది. పళ్లు సమంగా పరుచుకున్నాయి. మసాలా పాళ్లు కుదిరాయి." కింద నీ సంతకం. రావలసినాయన కాలు విరగ్గొట్టుకుంటే నెల కిందటే నిన్ను పిలిచారట, గురువారం పొద్దున వచ్చి తీర్పు చెప్పి, ఎవరినీ కలవకుండా వెళ్లిపోయావట.

కోరల్, నిజం చెప్పు. నా కాగితం మడతల గుర్తులు నీకు తెలుసు. నాదని తెలిసే ఇచ్చావా?

ఇక రాయలేను, గంట మోగింది.

సోమవారం

కేకు నిన్న ఇంటికి వచ్చింది. ఇవాళ పొద్దున డబ్బా మూత తీశాను. డెస్ సాసేజీలు గుర్తొచ్చాయి. బుధవారం కాబోలు అనుకున్నాను. తర్వాత క్యాలెండరు చూశాను. సోమవారం.

కోరల్! నాకు వాసన వచ్చింది! మూత పెట్టి, తీసి, మళ్లీ ముక్కు పెట్టాను. వచ్చింది! పిచ్చిదానిలా వాకిట్లోకి పరుగెత్తాను, అవును, పరుగే, డెస్ చొక్కా వాసన చూశాను, గొర్రెలు, సబ్బు. కాఫీ మాత్రం కాలిన రబ్బరులా ఉంది, అయినా అదొక వాసనే కదా. ఇద్దరం ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చాం.

ఏడ్చాక డెస్ మెల్లగా అడిగాడు. "మరి కేకు ఎందుకు కర్రీ వాసనొస్తోంది?"

జనవరిలో కర్రీ పొడి పొట్లం చిరిగితే ఈ మహానుభావుడు దాన్ని ఖాళీగా ఉన్న కేకు మసాలా డబ్బాలో పోశాడట. పేరు మార్చి రాయడం మరిచిపోయాడట. నేను చెంచా నిండా కొలిచి మరీ వేశాను.

అంటే నువ్వు కర్రీ కేకు తిని, "మసాలా పాళ్లు కుదిరాయి" అని రాశావన్నమాట. ఇంకేం అనుమానం! జాలే. నాకు వద్దన్నది అదొక్కటే, నువ్వు అదే రిబ్బన్ కట్టి ఇచ్చావు. దాన్ని నోరీన్‌కి ఇచ్చేస్తాను. నీ మీద కోపంగా ఉంది. వాసన వచ్చిందని ముందు నీకే చెప్పాలనిపించింది, అందుకు ఇంకా కోపంగా ఉంది.

గ్లెనిస్


పెలికన్ రేవు
మార్చి 24

నా ప్రాణమైన గ్లెనిస్‌కి,

ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. తర్వాత సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను, కూర్చుని చదువు.

నాకూ వాసన లేదే. రుచీ లేదు. నీకు కోవిడ్ వచ్చిన నెలలోనే నాకూ వచ్చింది. నీలా మంచాన పడలేదు, ముక్కూ నాలుకా మాత్రం తీసుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఈ తీర్పుల పనొక్కటే. ముక్కు లేని జడ్జిని ఎవరు పిలుస్తారు? అందుకే పక్కవాళ్లకి నేర్పిస్తున్నట్టు నటించి, వాళ్లు చెప్పిందే రాస్తూ వచ్చాను. టోస్టు మాడిన రోజు నా చేతిలో పుస్తకం లేదు. సముద్రం వాసన అడిగావు, రంగూ చప్పుడూ రాశాను. నువ్వు పట్టుకుంటావని భయపడ్డాను.

మీ షెడ్డులో నాకు పక్కన థెల్మాని ఇచ్చారు. ఎనభై రెండేళ్లు, బహు మర్యాదస్తురాలు. నాలుగో నంబరు నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. ఎలా ఉందని అడిగితే, "వెచ్చగా ఉంది... ధైర్యం ఉన్న కేకు" అంది. నేను మెచ్చుకోలు అనుకుని "మసాలా పాళ్లు కుదిరాయి" అని రాశాను. ఆ ఒక్క లైను అబద్ధం. దానికి నన్ను ఏమైనా అను.

మిగతా రెండు లైన్లు మాత్రం నిజం. జడ్జిగా పిలిచారు కదా, నీ ఫిబ్రవరి ఉత్తరం తీర్పు అయ్యేదాకా విప్పలేదు. నీ మడతలు నాకు తెలుసు. మూలకి ఒక్క మడతే, ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నాను. ఈ కేకు మూలల్లో మూడేసి మడతల గుర్తులు ఉన్నాయి. అంత ఓపిక ఎవరికుందో అనుకున్నాను గానీ, అది నువ్వని అనుకోలేదు. కత్తి పెడితే వెన్నలా దిగింది. ఒక్క ముక్క పెద్దది కాదు, ఒక్క ముక్క చిన్నది కాదు. కంటికి, చేతికి తెలిసినదాన్ని బట్టి ఆ బల్ల మీద దానికి సాటి లేదు. నీ మీద జాలి పడలేదే పిచ్చిదానా, నాలుగో నంబరుని చూసి అసూయ పడ్డాను.

షో సెక్రటరీకి అంతా రాసేశాను. ఇక తీర్పులకి వెళ్లను. నీకు వాసన వచ్చిందన్న లైను దగ్గర మాత్రం ఉత్తరం తడిసింది, క్షమించు.

నీ దొంగ జడ్జి
కోరల్


వరాబిన్
ఏప్రిల్ 3

ప్రియాతిప్రియమైన దొంగకి,

నీ ఉత్తరం చదివి నవ్వినందుకు రెండు రోజులు మంచం మీద ఉన్నాను. నవ్వుకి కూడా గంట పెట్టాలంటున్నాడు డెస్. ఆ రెండు రోజులూ పండగలా గడిచాయి.

షో కమిటీ ముప్పావు గంట చర్చించి, గంటన్నర నవ్వి, రిబ్బన్ నోరీన్‌కి ఇవ్వాలని తేల్చింది. నేనే పిలిచి ఇచ్చాను. వద్దంటుందేమోనని మర్యాదకి ఒక్క క్షణం ఆగాను. అనలేదు! బ్యాగులో వేసుకుని జిప్పు లాగేసింది. తర్వాత టీతో ఆ కర్రీ కేకే పెట్టాను. రెండు ముక్కలు తిని, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "దీని రెసిపీ ఇస్తావా?" అంది. కార్డు మాత్రం నా దగ్గరే ఉంది. మూడో లైను కొట్టేసి గోడకి తగిలించాను. పైన ఉన్న రెండు లైన్లు నావి, ఎవరికీ ఇవ్వను.

సెక్రటరీ నీకో మాట చెప్పమన్నాడు. వచ్చే ఏడు తీర్పుకి ఇద్దరు కావాలట. కోత, అంచులు చూడడానికి కళ్లున్నవాళ్లు ఒకరు, వాసన చూడడానికి ముక్కున్నవాళ్లు ఒకరు. ఎవరైనా తెలిస్తే చెప్పమన్నాడు. నేను పోటీలోంచి తప్పుకుంటున్నానని చెప్పేశాను.

గురువారం బస్సుకి రా, నెల రోజులు ఉండు. నువ్వు నుంచుని కలుపు, నేను కూర్చుని వాసన చూస్తాను. ఏది ఎలా ఉందో అన్నీ నీకు చెబుతాను. గంట మోగగానే ఇద్దరం ఆపేద్దాం.

నిన్న వాన పడింది. ఎండిన పొలం మీద మొదటి వాన వాసన ఎలా ఉంటుందో రాద్దామని కూర్చున్నాను గానీ, అది రాసేది కాదు. నువ్వొచ్చాక చెబుతాను.

నీ ముక్కు
గ్లెనిస్