గొలుసు తీసుకొని రా

పెబ్బేరు నుంచి, కురుమయ్య అన్నకు నీ చెల్లెలు రాస్తున్నది.

"ఆడదానికి పాత జీపెందుకు, మానుకోమను" అని నువ్వు చెప్పి పంపిన మాట అందింది. నిన్ననే కొన్నాను.

ప్రశాంత్ ఆటో చెడిపోయి పెద్ద రోడ్డు మీద ఆగితే, పక్కకు గుంజే బండి దొరకలేదు. గంటసేపు అక్కడే నిలబడ్డాడు. చీకట్లో లారీ గుద్దింది. వాడికి మట్టి వేసినోడివి, నీకు చెప్పాలా? ఇంకొకరి కొడుకు అట్లా నిలబడొద్దు. అందుకే ఈ జీపు.

సంతలో నాయిన ఎడ్లను ఎట్లా చూసేవాడో అట్లనే చూశాను. రంగు చూడలేదు. రాళ్ల ట్రాలీ కట్టించి మిట్ట ఎక్కించమన్నాను. రెండు జీపులు మధ్యలోనే ఆగినయి. మూడోది ఎక్కింది.

అమ్మేటాయన, "ఇంకొన్ని పైసలు కట్టి రెండేండ్ల గ్యారంటీ తీస్కో అమ్మా, పరేషాన్ ఉండదు" అన్నాడు. కోడలు సౌందర్య కాగితం మొత్తం చదివింది. వేరే బండిని గుంజితే గ్యారంటీ చెల్లదని అడుగున రాసి ఉందట.

"గుంజకుంటే నాకెందుకయ్యా? ఇంట్ల పెట్టి మొక్కాల్నా?" అని కాగితం ఆయన చేతిలోనే పెట్టి వచ్చాను.

సౌందర్య నడపడం నేర్చుకుంటోంది. నవ్వేటోళ్లు నవ్వనీ. బావి తవ్వినప్పుడు నాయిన బండలు గుంజిన ఇనుప గొలుసు నీ దగ్గరుంది. ఆపడానికైతే రాకు. వస్తే గొలుసు తీసుకొని రా.

ప్రశాంత్ తల్లిని.