ఎవరికీ చెప్పని నంబరు

బావమరిదికి ఆశీస్సులు. అవి కూడా మీ అక్క మొహం చూసి.

మీ ఇంటర్నెట్ ఆఫీసు నుంచి నిచ్చెన మనిషి వచ్చాడు. గోడకి కన్నం వేశాడు, వెంట్రుకంత తీగ లాగాడు, నా పుస్తకాల బీరువా పక్కన తెల్లడబ్బా బిగించాడు. పనిమంతుడే. తీరా చివర్లో "ఫోనుకొచ్చిన నంబరు చెప్పండి సార్" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని పేపర్లో రోజూ వేస్తున్నారు. నేను పేపరు చదివేవాణ్ణి, నీలా అలమరలో పరిచేవాణ్ణి కాను. చెప్పలేదు.

ఫోను చెయ్యకు, మాటల్లో నంబరు జారుతుంది. ఉత్తరాలు నిచ్చెన మనిషే మోస్తాడు.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క.: ఆ నంబరు నేనూ చూడలేదు. నాకే తెలియని రహస్యం నా దగ్గర ఎవడు లాగుతాడు?

•

బావగారికి నమస్కారాలు.

పని పూర్తయిందని ఇంటివాళ్ళు నంబరు చెబితేగానీ మేం లైను వదలం. పది నిమిషాల్లో అది చెల్లకుండా పోతుంది, రోజూ కొత్తది పంపుతున్నాం. "ఇంటర్నెట్ వచ్చేదాకా ఆ గడప తొక్కను" అని అక్క మా ఇంట్లో మకాం పెట్టింది. ఆవిడ వీడియో కుట్టు పాఠాలన్నీ మా హాల్లోనే. నేను వంటింట్లో పడుకుంటున్నాను. దయచేసి చెప్పండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క.: నిన్నటి పాఠం 'పాత బట్టతో సంచీ'. పాతది దొరక్క నా కొత్త ప్యాంటు కత్తిరించారు.

•

బావమరిదినని చెప్పుకుంటున్న వారికి,

ఉత్తరంలో ఒక్క తప్పు లేదు. పైగా 'దయచేసి' ఉంది. మావాడు ఈ రెండూ ఎరగడు. కాబట్టి నువ్వు దొంగవి. కాదంటే రుజువు చూపించు, నంబరు చెబుతానని మాటిస్తున్నాను. ముప్పై ఏళ్ళ కిందట నా పుస్తకం పట్టుకెళ్ళి, వానలో తడిసిందని తిరిగిచ్చాడు మావాడు. అసలు ఏం చేశాడు?

ఇట్లు,
ఆ పుస్తకం సొంతదారు

తా.క.: దొంగవే అయినా, వాడికన్నా నీ దస్తూరీ నయం.

•

బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను.

వాన కాదు. కుంటి మంచం కోడు కింద పెట్టాను, నేల కడిగినప్పుడు తడిసింది. పోయిందనుకున్న మీ నల్ల గొడుగు కూడా నా దగ్గరే ఉంది. పెళ్ళి ఫోటోలో మీ తల కత్తిరించిందీ నేనే, అక్క బాగా పడిందని. ఇకనైనా నంబరు చెప్పండి.

మీ పాపాత్ముడు,
బావమరిది

తా.క.: వీటిలో మీకు ఇదివరకు తెలియనివి ఉంటే, చదవనట్టే ఊరుకోండి.

•

బావమరిదికి,

నువ్వేనని తేలింది. ఇంత నీచుడు ఇంకొకడు ఉండడు. నీ ఉత్తరం బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇచ్చిన మాట ప్రకారం ఫోను తెరిస్తే అందులో నంబరే లేదు! పదకొండు రోజులు కాపలా కాశాను, ఎవడు ఎత్తుకుపోయాడు?

ఇట్లు,
తల లేని పెళ్ళికొడుకు

తా.క.: మీ అక్క లేదని నాకేం లోటు లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం కనుక్కుని రాయి. ఇన్నాళ్ళూ చప్పిడి కూడే తింటున్నాను.

•

బావగారికి నమస్కారాలు.

ఎవరూ ఎత్తుకుపోలేదు. కనెక్షను ఫారం మీద సంతకం చెయ్యనని మీరు మొండికేస్తే, అక్కే తన ఫోను నంబరు వేసి చేసిందట. ఇవాళే కాగితాలు తీసి చూశాను. నంబర్లన్నీ ఆవిడ ఫోనుకే వస్తున్నాయి. మీరు కాపలా కాసింది ఖాళీ పెట్టెకి.

"తెలిసీ చెప్పలేదేం అక్కా?" అన్నాను.

"ఆయన నీకు ఠావులు ఠావులు రాస్తున్నారు కదరా. నాకో ముక్క రాస్తారేమోనని చూశాను" అంది.

మీ తాజా కలం చదివి వినిపించాను. "ఉప్పు లేకుండానా! నోరు తెరిచి నన్నడగడానికేం రోగం?" అంటూ అప్పటికప్పుడు కొత్త నంబరు తెప్పించుకుని నిచ్చెన మనిషికి చెప్పేసింది. లైను వదిలేశాం. నాకు ప్రాణం లేచొచ్చింది.

మీ,
మళ్ళీ మంచమెక్కబోతున్న బావమరిది

తా.క.: ఈసారి ఉత్తరం తెచ్చింది నిచ్చెన మనిషి కాదు. తెచ్చినావిడ కుట్టుమిషనుతో ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. చదవడం ఆపి, ముందు అది అందుకోండి.